పనిచోట మెరిసే వజ్రాలు

తొలకరి పడితే చాలు, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో జనం వంగి వజ్రాల కోసం వెదుకుతారు. మట్టిలో రాయి మెరిస్తే ఎంత ఆశ! కాని మన కొట్లో, మిల్లులో, ఆఫీసులో పక్కనే పనిచేసేవారిలో మెరిసే ఆలోచనను మాత్రం మనం వెదకం. ‘చెప్పిన పని చెయ్యి, చాలు’ అని నోరు మూయిస్తాం.

ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, కొత్త పనితనాన్ని ఊహించే జ్ఞానమిచ్చాడు. అతనికీ, అహోలీయాబుకూ ఇతరులకు నేర్పే మనసు కూడా ఇచ్చాడని నిర్గమకాండం 35వ అధ్యాయం చెబుతోంది. నిన్నటిదాకా ఐగుప్తులో ఇటుకలు చేసిన జాతిలోనే ఆ నేర్పరులున్నారు!

మన కాలంలోనూ అంతే. ఆలేరు ప్రాంతపు నేతన్న చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేశారు. ఆసు పోసి పోసి తల్లి పడే భుజాల నొప్పి చూడలేక, ఏళ్లు శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పనిలోని బాధ ఎరిగినవాడికే పరిష్కారం తోచింది.

అయితే తోచినది చేసి చూడాలంటే అండ కావాలి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతన్నలను సహకార సంఘంగా కూర్చారు. నూలు, అమ్మకాల చింత సంఘం మోస్తే నేతగాడి ధ్యాస పనితనంపై నిలుస్తుంది.

మన దగ్గర పనిచేసే కుర్రవాడు ‘ఇలా చేసి చూద్దామా అండీ?’ అంటే ముందు విందాం. ప్రయత్నానికి కొంత సమయం, సరుకు ఇద్దాం. తప్పిపోతే జీతం కోయవద్దు. ఫలిస్తే ఆ పేరు అతనికే దక్కనిద్దాం. దేవుడే బెసలేలును పేరుతో పిలిచినప్పుడు, పనివాడి పేరు మింగే హక్కు మనకెక్కడిది?