కోర్టుకెక్కిన పదమూడు ముక్కల ఆట

డబ్బు పెట్టి ఆడే రమ్మీ జూదమా కాదా అన్న వివాదం సికింద్రాబాద్‌లో మొదలైంది. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. హైకోర్టులో కేసు నిలవలేదు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లి అక్కడా ఓడిపోయింది.

రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదని 1967 నవంబరు 22న సుప్రీంకోర్టు తేల్చింది. పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడేయాలో లెక్కవేయాలి. ఇస్పేటు ఆరు, ఎనిమిది పట్టుకున్నవాడు రెండు పేకల్లోని ఇస్పేటు ఏడులూ పడిపోవడం చూసి కూడా జోకర్ లేకుండా ఆ వరుసనే నమ్ముకుంటే ఆట పోయినట్టే. అయితే ఆటమీద క్లబ్బు లాభం తీస్తే అది నేరమేనని అదే తీర్పు హెచ్చరించింది. ఈ మాటను చాలామంది మరిచిపోయారు.

1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం నైపుణ్యపు ఆటలకు మినహాయింపు ఇచ్చింది. ఆట సెల్‌ఫోన్‌లోకి వచ్చాక పరిస్థితి మారింది. రాత్రీపగలూ తెరిచి ఉండే ఆ బల్ల దగ్గర ఆపమని చెప్పే తోటి ఆటగాడు ఉండడు. లాస్‌వేగాస్‌లో 1970 నుంచి ఏటా పోటీలు జరిగే పోకర్ కూడా అదే తెరమీదికి చేరింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఈ నిషేధాన్ని దేశమంతటికీ విస్తరించింది.