మీకు తెలుసా? వెంకటగిరి నూలు ఎంత సన్నమో!

నెల్లూరు తీరంలో ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత మరో ఎత్తు. ఆ వేడికి తగిన చీరను ఈ నేల నేతన్నలే నేశారు. అదే వెంకటగిరి చీర. గూడూరుకు నైరుతి దిక్కున ఉన్న వెంకటగిరి 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది.

• మేలైన వెంకటగిరి చీరకు 100 కౌంటు నూలు వాడతారు. ఆ నూలు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాములు తీసుకుని పోగు విప్పుకుంటూ పోతే దాదాపు 77 కిలోమీటర్లు వస్తుంది. చీర కట్టుకున్నా బరువు తెలియకపోవడానికి, ఒంటికి గాలి ఆడటానికి కారణం ఈ సన్నదనమే.

• వెంకటగిరిని ఏలిన వెలుగోటి రాజుల ఆదరణలో ఎదిగిన నేత ఇది. ఈ చీరకు భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థ వెంకటగిరిలోనే యువతకు చేనేత విద్య నేర్పుతోంది.

• ఇక్కడి జాందానీ చీరలో పువ్వులు అద్దినవీ కావు, కుట్టినవీ కావు. బుటా రావాల్సిన చోటల్లా పడుగు పోగుల మధ్య రంగు దారాన్ని చేత్తో తిప్పుతూ నేస్తారు. పెద్ద బుటాలకు ఒకే మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు.

• 2018లో వచ్చిన ‘మహానటి’ సినిమాకు కాస్ట్యూమ్ డిజైన్‌లో జాతీయ అవార్డు వచ్చింది. దాన్ని పంచుకున్న ముగ్గురిలో ఒకరు, జాందానీని ఫ్యాషన్ వేదికలెక్కించిన హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా.

• చేతిపనితో పాత దుస్తు కొత్త ఫ్యాషన్‌లోకి రావడం ఇక్కడే కాదు; మొరాకో మహిళలు తొడిగే పొడవాటి అంగీ కఫ్తాన్‌దీ ఇలాంటి కథే. దాని అందమంతా అంచు వెంట కుట్టే అల్లిక పట్టీలోను, దారంతో చేసిన చిన్న చిన్న గుండీలలోను ఉంటుంది. 1966లో మొరాకోలోని మరాకేష్ నగరం చూసిన ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సాన్ లోరాన్ అక్కడి రంగులకు ముగ్ధుడై వాటిని తన దుస్తుల్లోకి తెచ్చుకున్నాడు. మొరాకో డిజైనర్లు నేటికీ కఫ్తాన్‌ను కొత్త కత్తిరింపులతో పెళ్లిళ్లకు, వేదికలకు సిద్ధం చేస్తున్నారు.

పాత వస్త్రం కొత్త ఫ్యాషన్‌లో నిలవాలంటే దాన్ని చేసే చేతులకు పని ఉండాలి. చీర కొనేటప్పుడు 2006 నుంచి అమల్లో ఉన్న ‘హ్యాండ్‌లూమ్ మార్క్’ ఉందో లేదో చూడండి. మరమగ్గం నకలు చౌకగా దొరికినా, నేతన్న ఇంటికి కూలి చేర్చేది అసలు చేనేత చీరే.