మన ఊరి మారా నీళ్లు



మర్రిగూడ ప్రాంతములో నేను సేవచేసిన ఒక చిన్న సంఘములో ఒక తల్లి ఉండేది. ప్రార్థనకు అందరూ మోకరిస్తే ఆమె మాత్రము గోడకానుకొని నిలబడేది. మోకాలు మడవలేదు, మెడ తిప్పలేదు. వయసు చూస్తే నలభై దాటలేదు. ఊళ్లో కొందరు పూర్వజన్మ పాపమన్నారు. మనవాళ్లూ తక్కువేమీ కాదు, విశ్వాసము చాలలేదన్నారు. ఆమె చేసినదల్లా ఆ ఊరి నీళ్లు త్రాగడమే.

మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడ మెట్టలలో నేలక్రింద ఉన్నది గ్రానైటు. ఆ రాతిలోని ఫ్లోరైడు నీటిలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పండ్లు గారపడతాయి. మరీ ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు బిగుసుకొని వంకరపోతాయి. పాత బావుల్లోనూ ఫ్లోరైడు ఉండేది గాని, చెరువు నిండితే వాననీరు దిగి బావిలో కలిసేది. మనము చెరువులు పూడనిచ్చి, శిఖము భూములు దున్నుకొని, రాతి లోతుల్లోకి బోర్లు దించాము. పటిక, సున్నము, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడు తీసే విధానానికి నాగపూరు నీరి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘నల్లగొండ పద్ధతి’. ఆఫ్రికా దేశాలదాకా మన జిల్లా పేరు అలా వెళ్లింది!

ఇదే జిల్లాలో 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరుకు పునాదిరాయి వేశారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పచ్చబడ్డాయి, మెట్టకు నీరెక్కలేదు. నీరు పల్లమెరుగును, దిగువ రైతును తప్పుపట్టలేము. అయితే 2004లో అక్కంపల్లి జలాశయము నుండి కృష్ణ నీటిని హైదరాబాదుకు ఎత్తిపోయగలిగారు గదా! తేటనీరు తాము త్రాగి, మిగిలినది కాళ్లతో కలకచేసే బలిసిన గొర్రెలను యెహెజ్కేలు 34వ అధ్యాయములో దేవుడు నిలదీస్తాడు. అది చదివితే నాకు ఆ పైపులైనే గుర్తొస్తుంది. మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పలులో ఆవిష్కరించినది 2015 జూన్‌లో. మా సంఘస్థుల ఇళ్లకు కుళాయిలు ఆ తరువాతనే వచ్చాయి. వంగిన ఎముకలు మాత్రము తిరిగి రావు.

ఇక నా సంగతి చెప్పాలి. చాల ఏళ్ల క్రితము ఒక దాత సహాయముతో మందిర ఆవరణలో బోరు వేయించాము. మారా చేదునీరు మధురమైన సంగతి ప్రసంగించి, ప్రార్థనచేసి ప్రతిష్ఠించాను. దాత పేరున రాయి పెట్టాము. ఒక్క సీసా నీళ్లు పరీక్షకు పంపాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. మూడేళ్ల తరువాత పంపితే ఫ్లోరైడు హద్దు దాటింది. ఆ తల్లికి చెప్పడానికి వెళ్లాను.

“అయ్యగారూ, మీరు ప్రార్థన చేసిన్రని పిల్లలకు గూడ ఆ నీళ్లే తాపిన గదా,” అన్నది.

నా దగ్గర జవాబు లేదు. క్షమించమన్నాను.

సర్కారు చేతిపంపుల్లో ఫ్లోరైడు ఎక్కువున్నవాటికి ఎర్రరంగు వేసేవారు. మాది సొంత బోరు గనుక ఎవరూ వేయలేదు. కుళాయి రాని రోజున జనము ఇంకా దాని దగ్గరికే బిందెలు తెస్తున్నారు. పోయిన నెల యౌవనస్థులు, నేను కలిసి దానికి ఎర్రరంగు వేశాము. దాత పేరున్న రాయికి కూడ కొంచెము అంటుకున్నది. తుడవలేదు.