గోడలో పెట్టిన గుమ్మం

ఒక కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ను నడపడం నిన్న మొన్నటి ముచ్చట కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ పట్టణంలోని ఐబీఎం కేంద్రంలో రాబర్ట్ క్రీసీ బృందం రాసిన సీపీ-40 అనే ప్రోగ్రామ్ 1967 జనవరిలో వాడకంలోకి వచ్చింది. ఉన్నది ఒకటే యంత్రం. అందులో 14 యంత్రాల దాకా ఉన్నట్టు చూపించగలిగేది. ఎవరి మెమరీ వారిది, ఎవరి డిస్కు వారిది. ఒకరి ప్రోగ్రామ్ చెడి ఆగిపోయినా పక్కవాళ్ల పని ఆగేది కాదు. ఇలా ఉన్నట్టు చూపించే యంత్రమే వర్చువల్ మెషీన్. దాని విలువంతా ఆ మధ్య గోడలోనే ఉంది.

అయితే గోడ కట్టగానే ఇంకో చిక్కు వచ్చిపడింది. అవతలివారికి ఒక ఫైలు ఇవ్వాలంటే ఎలా? ఆ రోజుల్లో ప్రోగ్రామ్‌లు, సమాచారం చిల్లులు పొడిచిన కార్డుల మీద ఉండేవి. ఒక్కో కార్డుకు 80 అక్షరాలు. ఐబీఎం ఇంజినీర్లు అదే పద్ధతిని కాగితం లేకుండా నడిపించారు. 1972లో వచ్చిన వీఎం/370లో ఒకరు తన ‘పంచ్’ యంత్రంలో ఫైలును కార్డులుగా కొట్టేవారు. ఆ లేని కార్డుల కట్ట తీసుకునేవారి ‘కార్డు రీడర్’లో ప్రత్యక్షమయ్యేది.

1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ అనే ప్రోగ్రామ్‌తో, యంత్రంలో యంత్రాన్ని నడిపే ఈ విద్య మామూలు పీసీలకు దిగింది. విండోస్‌లో ఒక కిటికీ తెరిచి లినక్స్ నడుపుకోవచ్చు. బయటి యంత్రం హోస్ట్, లోపలిది గెస్ట్. గెస్ట్‌కు తన డిస్కు నిజమైన డిస్కే. హోస్ట్‌కు మాత్రం అది ఒక పెద్ద ఫైలు. మరి గెస్ట్ నడుస్తుండగా ఆ ఫైలును హోస్ట్ నుంచీ తెరిచి రాస్తే? డిస్కు పాడవుతుంది. ఏ ముక్క ఏ ఫైలుదో ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్ తన మెమరీలో లెక్క రాసుకుంటుంది. ఒకరు మార్చింది రెండోవారి లెక్కలోకి ఎక్కదు. ఇద్దరూ ఒకరి రాతను ఒకరు తుడిచేసుకుంటారు.

నెట్‌వర్క్ ద్వారా పంపుకోవడం ఒక దారి. ఎన్ఎఫ్ఎస్, ఎస్ఎంబీ లాంటి పద్ధతులు అందుకు ఉన్నవే. కానీ ఒకే పెట్టెలో ఉన్న రెండింటి మధ్య ఐపీ చిరునామాలు, పాస్‌వర్డులు, ఫైర్‌వాల్ అనుమతులు పెట్టుకోవడం పెద్ద తతంగం.

షేర్డ్ ఫోల్డర్ ఆ తతంగాన్ని తప్పించింది. గెస్ట్‌లో ఒక చిన్న డ్రైవర్ పెడతారు. వీఎంవేర్ లాంటిదే అయిన వర్చువల్‌బాక్స్‌లోనైతే అది గెస్ట్ అడిషన్స్‌తో వస్తుంది. లోపలి ప్రోగ్రామ్ ‘ఈ ఫైలు తెరువు’ అనగానే డ్రైవర్ ఆ కోరికను హైపర్‌వైజర్‌కు, అంటే గెస్ట్‌ను నడిపే ప్రోగ్రామ్‌కు, అందిస్తుంది. హైపర్‌వైజర్ హోస్ట్‌లోని అసలు ఫైలును తెరిచి, అందులోని సమాచారాన్ని తిరిగి పంపుతుంది. డిస్కును ముట్టుకునేది హోస్ట్ ఒక్కటే కాబట్టి లెక్కలు తప్పవు. వర్చువల్‌బాక్స్‌లోని లినక్స్ గెస్ట్‌లో ఫోల్డర్ కనిపిస్తున్నా తెరుచుకోకపోతే, మీ పేరు వీబాక్స్‌ఎస్ఎఫ్ గ్రూపులో ఉందో లేదో చూడండి. చాలాసార్లు చిక్కు అక్కడే ఉంటుంది.

బెల్ ల్యాబ్స్‌వారు ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తయారుచేసిన 9పీ పద్ధతికి కూడా ఇక్కడ కొత్త బతుకు దొరికింది. వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఎము అనే ప్రోగ్రామ్ దాన్ని తీసుకుంది. విండోస్ నుంచి లినక్స్ ఫైళ్లు తెరవడానికి 2019లో మైక్రోసాఫ్ట్ కూడా దాన్నే వాడింది. అదే ఏడాది లినక్స్ 5.4తో వర్ట్‌ఐఓ-ఎఫ్ఎస్ వచ్చింది. హోస్ట్, గెస్ట్ ఒకే యంత్రంలో ఉంటాయన్న సంగతినే ఆధారం చేసుకుని కట్టిన పద్ధతి ఇది. హోస్ట్ మెమరీలో ఉన్న ఫైలును నకలు తీయకుండా గెస్ట్‌కు నేరుగా చూపించే ఏర్పాటు కూడా దీనికి ఆ తర్వాత తోడైంది.

గుమ్మం ఉన్నచోట దొంగ భయమూ ఉంటుంది. 2008 ఫిబ్రవరిలో కోర్ సెక్యూరిటీ సంస్థ వీఎంవేర్ షేర్డ్ ఫోల్డర్లలో ఒక లోపాన్ని బయటపెట్టింది. ఫైలు దారిలో రెండు చుక్కలు పెడితే ‘పై ఫోల్డర్‌కు వెళ్లు’ అని అర్థం. గెస్ట్ ఆ చుక్కలతో ఫోల్డర్ దాటిపోకుండా వీఎంవేర్ తనిఖీ చేసేది. కానీ ఆ తనిఖీ అక్షరాలను వేరే ఎన్‌కోడింగ్‌లోకి మార్చకముందే జరిగేది. మారువేషంలో వచ్చిన చుక్కలు తనిఖీ దాటాక అసలు రూపం చూపించేవి. దాంతో విండోస్ హోస్ట్‌లో పంచుకోని ఫైళ్లను కూడా గెస్ట్ చదవగలిగేది, మార్చగలిగేది.

ఆ లోపాన్ని సరిదిద్దారు గానీ, అది నేర్పిన పాఠం పాతబడలేదు. డెస్క్‌టాప్ మొత్తాన్ని పంచుకోకండి. పనికి కావలసిన ఒక్క ఫోల్డర్‌నే ఇవ్వండి. గెస్ట్ అందులో రాయనక్కర లేకపోతే ‘రీడ్ ఓన్లీ’ పెట్టండి. అనుమానం ఉన్న ఫైలును పరీక్షించేటప్పుడు షేరింగ్‌ను పూర్తిగా ఆపేయండి.