వార్తల్లో పదం: జీఐ ట్యాగ్

లూయీ వుయిటన్ పేరుతో ఫుట్‌పాత్ మీద అమ్మే నకిలీ హ్యాండ్‌బ్యాగు ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కిందికి వస్తుంది. ఆ పేరు ఒక్క కంపెనీ సొత్తు. మరి ఆత్రేయపురం పూతరేకుల పేరు ఎవరిది? అక్కడ తయారుచేసే వాళ్లందరిదీ. ఇలా పుట్టిన ప్రాంతం వల్ల పేరొచ్చిన సరుకుకు చట్టం ఇచ్చే రక్షణే భౌగోళిక గుర్తింపు, వాడుకలో జీఐ ట్యాగ్.

కోనసీమ జిల్లాలోని ఈ పూతరేకులకు అది 2023లో దక్కింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దానిపై ఒక్కసారి లాగుతారు. క్షణాల్లో కాగితంలాంటి రేకు లేస్తుంది. నెయ్యి రాసి, బెల్లం పొడో పంచదారో చల్లి మడతపెడతారు.

1999 నాటి జీఐ చట్టం 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. నమోదు పదేళ్లు చెల్లుతుంది, ఆపై పునరుద్ధరించుకోవచ్చు. తయారీదారులు అధీకృత వినియోగదారులుగా నమోదైతేనే ట్యాగ్ వాడుకునే హక్కు వస్తుంది. మరో ఊళ్లో పూతరేకులు చుట్టడం తప్పు కాదు. వాటిని ఆత్రేయపురానివని నమ్మించి అమ్మడం నేరం. అందుకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా పడవచ్చు.