దూరపు గురువు, దగ్గరి చదువు

అమెరికాలో స్థిరపడిన యూదుల పిల్లలలో చాలామంది ప్రభుత్వ బడులకే పోతారు. అయితే తమ మతగ్రంథాలు, హీబ్రూ భాష పిల్లలకు పట్టుబడాలని కోరే తల్లిదండ్రులు ‘డే స్కూలు’ అనే సొంత బడులకు పంపుతారు. అక్కడ పిల్లవాడు ఒకే దినంలో రెండు చదువులు చదవాలి. ఒకవైపు లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు. మరొకవైపు హీబ్రూ, తోరా, తాల్మూదు. 2013-14 నాటి లెక్క ప్రకారం అట్టి బడులు 861. విద్యార్థులు సుమారు 2,55,000 మంది.

రెండు చదువులంటే ఇరువైపులా ఉపాధ్యాయులు కావాలి గదా! ఆ ఖర్చు ఫీజుల రూపంలో తల్లిదండ్రులమీద పడుతుంది. న్యూయార్కు వంటి మహానగరంలో పండితులకు కొదవలేదు. కాని నూరుమంది పిల్లలైనా లేని చిన్న బడులు ఎన్నో ఉన్నాయి. పై తరగతిలో తాల్మూదు చదివేవారు నలుగురే అయితే, వారికోసం ఒక పండితుణ్ణి ఎలా నియమించడం? పాఠం లేదని ఆ నలుగురూ వెళ్ళిపోతే బడి మరింత చిన్నదవుతుంది.

ఇక్కడే ఆన్‌లైన్ చదువు అక్కరకు వస్తుంది. మొదటి మేలు గురువు దొరకడం. నాలుగు ఊళ్ళలోని నలుగురేసి పిల్లలను కలిపితే ఒక నిండు తరగతి. ఒక్క గురువు కంప్యూటరు తెరమీద అందరికీ పాఠం చెప్పవచ్చు.

రెండవది, ఎవరి నడక వారిది. హీబ్రూ అక్షరాలు రాకుండా అయిదవ తరగతిలో చేరిన పిల్ల, తోటివారిని ఆపకుండా, తన పాఠం తాను నేర్చుకోవచ్చు. న్యూజెర్సీ రాష్ట్రంలోని బెర్గెన్‌ఫీల్డులో 2012లో తెరిచిన యెషివత్ హెఅతిద్ బడి ఈ పద్ధతినే పట్టింది. కొందరు కంప్యూటరు ముందు అభ్యాసం చేస్తుంటే, ఉపాధ్యాయిని మరికొందరిని దగ్గర కూర్చోబెట్టుకొని చెబుతుంది. ఫీజు తగ్గించడం కూడ వారి సంకల్పమే.

మూడవది గ్రంథాలు. తాల్మూదు 2,711 పత్రాల మహాగ్రంథం. 2013లో వెలుగుచూసిన ‘సెఫారియా’ అనే ఉచిత గ్రంథాలయంలో మూలమూ వ్యాఖ్యలూ పక్కపక్కనే కనిపిస్తాయి. 2017 నుంచి ఆంగ్లానువాదమూ చేరింది. ఇంట్లో తండ్రికి హీబ్రూ రాకపోయినా బిడ్డ పక్కన కూర్చోగలుగుతాడు.

ఈ విద్యకు కఠిన పరీక్ష 2020లో వచ్చింది. కోవిడ్ కారణంగా న్యూయార్కు రివర్‌డేల్‌లోని ఎస్.ఏ.ఆర్. బడి మార్చి 3వ తేదీనే తలుపులు మూసింది. పాఠాలు మాత్రం తెరమీద సాగాయి.

అంతమాత్రాన తెరే బడి కాజాలదు. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చొని వాదించుకుంటూ చదవడం యూదుల అనాది సంప్రదాయం. దానిని వారు ‘హవ్రూతా’ అంటారు. కలిసి ప్రార్థించడం, కలిసి భుజించడం కూడ చదువులో భాగమే. శుక్రవారం సూర్యాస్తమయం మొదలు శనివారం రాత్రి వరకు నిష్ఠగల ఇళ్ళలో కంప్యూటరు ముట్టరు. ఆనాడు గ్రంథమూ, కుటుంబమే గురువులు.

స్వరాష్ట్రం వెలుపల తరతరాలుగా కాపురముంటున్న మనకు ఇందులో నేర్వదగినది లేకపోలేదు. మన ఊళ్ళోనూ తెలుగు చెప్పే పంతులు దొరకకపోవచ్చు. దూరాన ఉన్న పంతులును తెరమీదకు పిలవడం నేడు కష్టం కాదు. కాని ఆయన నేర్పిన మాట భోజనాల దగ్గర, అమ్మమ్మ పక్కలో పలికితేనే నిలుస్తుంది. ఆ పని మాత్రం మన ఇంటిదే.