ఒకటే తేదీ... పేర్లు ఎన్నో!

సెప్టెంబరు 17. ఆ రోజును ఏమని పిలవాలి? హైదరాబాద్‌లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. విమోచనమని కొందరు, విలీనమని ఇంకొందరు, విద్రోహమని మరికొందరు. ఇంతకీ ఆ రోజు ఏం జరిగింది?

దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం సంస్థానం భారత్‌లో కలవలేదు. ఊళ్లలో రజాకార్ల ఆగడాలు పెరిగాయి. మరోవైపు తెలంగాణ రైతుల సాయుధ పోరాటం సాగుతోంది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి అడుగుపెట్టింది. అదే 'ఆపరేషన్ పోలో'. ఐదు రోజుల్లోనే యుద్ధం ముగిసింది. 17న మీర్ లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. అబిడ్స్‌కు దగ్గర్లోని కింగ్‌కోఠిలో నివసించే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఆ సాయంత్రం దక్కన్ రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. మర్నాడు ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురికి లొంగిపోయారు.

రజాకార్ల చేతిలో నలిగిన పల్లెలకు అది విముక్తే. కానీ కథ అక్కడితో ఆగలేదు. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. మృతుల్లో ఎక్కువమంది ముస్లింలు. రైతుల పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. నిజామేమో 1950లో రాజ్‌ప్రముఖ్ అయ్యారు! ఎవరి ఇంట్లో ఏ జ్ఞాపకం ఉందో, ఆ తేదీకి ఆ పేరే మిగిలింది.

అప్పటి సంస్థానంలో భాగమైన మరాఠ్వాడాలో ఇది ముక్తి సంగ్రామ దినం. కర్ణాటకలో ఒకప్పుడు విమోచన దినం, 2019 నుంచి కల్యాణ కర్ణాటక ఉత్సవం. తెలంగాణలో మాత్రం అధికారిక వేడుకకు 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వం 'జాతీయ సమైక్యతా దినం' జరిపితే, సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం 'విమోచన దినం' జరిపింది. ప్రభుత్వం మారాక 2024లో అదే పబ్లిక్ గార్డెన్స్‌లో 'ప్రజాపాలన దినోత్సవం' జరిగింది.

ఇంట్లో పిల్లలు 'ఇవాళ ఏం రోజు?' అని అడిగితే ఒక్క మాటలో తేల్చేయడం కష్టం. ఆ ఐదు రోజులతోపాటు ముందు జరిగిందీ, తర్వాత జరిగిందీ కూడా చెప్పాలి. పేరు వాళ్లే పెట్టుకుంటారు.